తెల్లబట్టల చదువు

పొద్దున్నే రవాణా ఆఫీసులో పాసింగుకి వెళ్ళిన లారీ పదిన్నర కాకుండానే తిరిగి వచ్చేసింది. వచ్చిన తీరు చూడగానే అమలకి అర్థమైపోయింది, బండి పాసవలేదని. పాసయిన బండి హారను కొట్టుకుంటూ వస్తుంది. ఇది ఆటోనగర్ మలుపు దగ్గర కూడా హారను కొట్టకుండా, నోరు మూసుకుని వచ్చి బాలశౌరి షెడ్డు ముందు ఆగింది.

డ్రైవరు ఇంజను ఆపకముందే బసవపున్నయ్య కిందికి దిగాడు. ఉయ్యూరు దగ్గర పెద్ద చెరుకు రైతు. ఇది ఆయనకి మూడో లారీ. మొదటి రెండింటికీ బాడీ కట్టింది బాలశౌరే.

"ఏమయ్యా బాలశౌరీ, నలుగుర్లో నిలబెట్టి నవ్వులపాలు చేశావు గదయ్యా నన్ను," అన్నాడు.

బాలశౌరి చేతిలోని చిత్రికని బల్ల మీద పెట్టాడు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఏమైందండీ?"

"ఏమవుద్ది? బ్రేకు ఇనస్పెక్టరు టేపు పెట్టి కొలిచాడు. వెనక చక్రం దాటాక బాడీ తొమ్మిదంగుళాలు ఎక్కువుందంట. తోక కోసుకుని రమ్మన్నాడు. అక్కడున్న లారీల వాళ్ళంతా విన్నారు."

"తొమ్మిదంగుళాలకి ఇదివరకెప్పుడూ ఎవరూ ఏమీ అనలేదండీ."

"ఇదివరకు వేరు, ఇప్పుడు వేరు. ఎమర్జెన్సీ అయ్యా ఇది. ఆఫీసు తలుపు తీసేసరికి మనుషులు కుర్చీల్లో ఉంటున్నారు. ఆయన నా మొహం కూడా చూళ్ళేదు. టేపే చూశాడు."

జరిగిందేమిటో షెడ్డులో అందరికీ తెలుసు. అసలు బాలశౌరి బాడీలకి పేరొచ్చింది ఆ తోక వల్లనే. వంకాయలమ్మే మనిషి తూచిన తరవాత రెండు కాయలు పైన వేసినట్టు, బాలశౌరి మనసుకి నచ్చిన ఆసామికి లారీ వెనక ఒక జానెడు పొడుగు ఊరికే వేసి పెడతాడు. అది ఆయన ఇచ్చే కొసరు. చెరుకు గడలు పొడుగాటివి కాబట్టి ఆ జానెడుతో ఇంకో వరస మోపులు పడతాయి. పాత మోడలు బండ్ల మీద అది చెల్లిపోయేది. ఈ ఏడు వచ్చిన కొత్త మోడలుకి వెనక చక్రాలు కాస్త ముందుకి జరిగాయి. కొలతలన్నీ కంటితోనే చూసుకునే బాలశౌరి ఈ సంగతి కూడా కంటితోనే చూసి, పరవాలేదనుకుని వదిలేశాడు.

ఆయన కూతురు వదల్లేదు. నాలుగు రోజుల కిందట అమల బండి కింద దూరి, టేపు పెట్టి కొలిచి, షెడ్డు నేల మీద సుద్దముక్కతో లారీ బొమ్మ గీసి లెక్క కట్టి చూపించింది. బాలశౌరి ఆ బొమ్మని చెప్పుకాలితో చెరిపేసి, "నర్సుకి లారీ కొలతలెందుకు?" అన్నాడు. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో ఏ మాట ఎక్కడ మొదలుపెట్టినా అమల చదువు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఇప్పుడు ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఉంటే అంతటితో పోయేది. కానీ లాజరు మేస్త్రి నోట్లో నువ్వుగింజ నానదు. ముప్పై ఏళ్ళుగా బాలశౌరితో కలిసి పనిచేస్తున్నవాడు, ఆయన మంచి కోరేవాడే. అయినా అనేశాడు.

"అమ్మాయి ముందే చెప్పిందండీ. తొమ్మిదంగుళాలని అంకెతో సహా చెప్పింది."

బసవపున్నయ్య అటు తిరిగాడు. షెడ్డుకీ ఇంటికీ మధ్య గుమ్మంలో అమల నిలబడి ఉంది.

"ఏం పిల్లా, నువ్వు చెప్పావా?"

లేదండీ అని ఒక్క మాట అంటే తండ్రి పరువు దక్కేది. ఆ సంగతి అమలకి తెలియక కాదు. బాలశౌరి తన వైపే చూస్తున్నాడు. ఆ చూపు ఏం అడుగుతోందో కూడా తెలుసు. కానీ లెక్క తప్పకుండా కట్టి, కట్టలేదని ఎలా చెబుతుంది?

"చెప్పానండీ."

"మరి మీ నాన్న?"

"వినలేదండీ."

బసవపున్నయ్య మీసం దువ్వుకున్నాడు. కోపం కాస్త దిగినట్టుంది. "ఏం చదువుకున్నావమ్మా?"

"ఇంటరు అయిందండీ. ఎం.పి.సి. ఫస్టుక్లాసు వచ్చింది."

"ఇకమీదట ఏం చదువుతావ్?"

"నర్సింగండీ. మా చర్చి ఫాదరుగారు ఉత్తరం రాశారు, సీటు ఖాయమైపోయింది," అన్నాడు బాలశౌరి.

"మెకానికల్ ఇంజనీరింగండీ," అంది అమల.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. బసవపున్నయ్య ఫక్కున నవ్వాడు. "ముందు తండ్రీకూతుళ్ళు ఒక మాట మీదికి రండి. రేపు పొద్దున్నకల్లా నా బండి తోక కోసి పెట్టు బాలశౌరీ. ఎరువుల లోడు ఒప్పుకుని కూర్చున్నాను." ఆయన ఉయ్యూరు బస్సు కోసం రోడ్డెక్కాడు.

బాలశౌరి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు మీద చెయ్యి పెట్టి ఊపి చూశాడు. తరవాత కూతురి దగ్గరికి వచ్చాడు.

"నలుగురి ముందు నన్ను అంత మాటంటావా?"

"అడిగారు, చెప్పాను."

"అడిగితే ఒక్క అబద్ధం చెప్పే నోరే లేదా నీకు?"

"నువ్వు నేర్పలేదు నాన్నా."

గుమ్మం లోపల బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అమల తల్లి తెరేసమ్మ చేతులు ఆగిపోయాయి. భర్త ఏమంటాడో అని తల ఎత్తి చూసింది. బాలశౌరి మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

అమల లోపలికి వచ్చి గోడ గూటిలోంచి ఇంజనీరింగు కాలేజీ ఫారం తీసి చూసుకుంది. అన్నీ నింపి పన్నెండు రోజులైంది. తండ్రి సంతకం పెట్టవలసిన గడి ఒక్కటే ఖాళీ. రేపు సాయంత్రం అయిదు గంటలకి కాకినాడలో అందాలి. పోస్టులో వేసే రోజులు దాటిపోయాయి. చేత్తో పట్టుకుపోయి ఇవ్వాల్సిందే. మూడు గంటల రైలెక్కితే ఇవాళ రాత్రికల్లా చేరవచ్చు. స్టేషనుకి అంతోని మావయ్య తోడొస్తానన్నాడు. కాకినాడలో దిగాక, అక్కడ నర్సు చేసే శౌరమ్మ పిన్ని ఉంది. ఇవాళ సంతకం పడకపోతే ఈ ఏడాదికి ఇంజనీరింగు లేదు. వచ్చే నెలలో నర్సింగు స్కూలు తెరుస్తారు. అక్కడ చేరాక ఇక వచ్చే ఏడాదన్న మాట కూడా ఉండదు.

*

అంతోని పదకొండున్నరకి వచ్చాడు. తెరేసమ్మ తమ్ముడు, కంకిపాడులో బ్యాంకు గుమాస్తా. సగం రోజు సెలవు పెట్టి, చేతిలో ఒక సంచీతో దిగాడు. తోడు వస్తానన్న మనిషి సంచీలోంచి తీసింది రైలు టిక్కెట్టు కాదు. ఇంకో ఫారం.

"బి.కాం.," అన్నాడు, బల్ల మీద పరుస్తూ. "మన బెజవాడలోనే. ఇంట్లోంచి వెళ్ళి ఇంటికి రావొచ్చు."

"ఏంటి మావయ్యా, నువ్వు కూడానా?" అంది అమల.

"విను ముందు. ఊరికో బ్యాంకు బ్రాంచి తెరుస్తున్నారు. మా కంకిపాడులో నలుగురున్న చోట పదకొండు మందిమి అయ్యాం. కామర్సు చదివినవాడు పరీక్ష రాయడం, కుర్చీలో కూర్చోవడం. నెత్తిన ఫ్యాను. పదేళ్ళలో ఆఫీసరవుతావ్. లోను ఇమ్మని ఇలాంటి షెడ్ల వాళ్ళు నీ దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడతారు."

"ఎం.పి.సి. చదివి కామర్సుకి పోతారా ఎవరైనా?" అన్నాడు బాలశౌరి. కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. "సైన్సు దొరకనివాళ్ళు పోయే చోటది."

"ఆ రోజులు పోయాయి బావా. ఇవాళ వ్యాపారం తెలిసినవాడిదే రాజ్యం. బి.ఎస్సీ.లు చదివి బడిపంతులు పోస్టుకి క్యూ కడుతున్నారు. నా మాట విను, నర్సింగూ వద్దు, ఇంజనీరింగూ వద్దు."

తెరేసమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టి దోసకాయ పప్పు వడ్డించింది. అమల కూర్చోలేదు.

అంతోని ఇంజనీరింగు ఫారం చేతిలోకి తీసుకుని చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. "ఇదేంటే, బ్రాంచి అన్న దగ్గర మూడు గళ్ళున్నాయి, మూడింట్లోనూ మెకానికలే రాశావ్?"

"అవును."

"రెండోది సివిలో, ఎలక్ట్రికలో రాయాలిగా."

"రెండోది రాస్తే రెండోదే ఇస్తారు మావయ్యా. ఆడపిల్లని చూడగానే ఇదిగో ఇక్కడ రాసిందిగా అంటారు. ఆ వీలు వాళ్ళకెందుకు ఇవ్వాలి?"

"మెకానికల్లో అసలు ఆడపిల్లలున్నారా?"

"ఒక్కళ్ళు కూడా లేరంట."

"మరి?"

"మరి నాకు పోటీ ఉండదు."

అంతోనికి నవ్వొచ్చింది కానీ బావ మొహం చూసి మింగేశాడు. "నవ్వులాట కాదు అమలా. చదివావే అనుకో. ఉద్యోగం ఎవడిస్తాడు? ఏ ఫ్యాక్టరీ వాడు ఆడమనిషిని మిషన్ల మధ్య నిలబడనిస్తాడు? గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. చదువంటే చదవడానికి బాగుండేది కాదమ్మా. చివరికి చేతికేమొస్తుందో చూసుకోవాలి."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అమల కూడా పన్నెండు రోజులుగా అదే ఆలోచిస్తోంది. గేటు దగ్గర వెనక్కి పంపితే ఏం చెయ్యాలో ఆ పిల్లకీ తెలియదు. భయం లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. కానీ భయపడుతూ కూడా మెకానికలే రాసింది.

"వెనక్కి పంపితే ఇక్కడికే వస్తాను. మన షెడ్డు ఉందిగా," అంది.

అన్నం కలుపుతున్న బాలశౌరి చెయ్యి ఆగింది.

"షెడ్డు మాట ఎత్తొద్దు."

"ఎందుకెత్తకూడదు? ఆటోనగర్లో నీ అంత బాగా బాడీ కట్టేవాళ్ళు ఎంతమందున్నారు? కొత్త మోడళ్ళు ఏడాదికొకటి వస్తున్నాయి. ప్రతిదానికీ బొమ్మ కావాలి, కొలత కావాలి. ఇవాళ ఒక లారీ తిరిగొచ్చింది. రేపు రెండు తిరిగొస్తే మన దగ్గరికి ఎవరొస్తారు?"

బాలశౌరి తన ఎడమచెయ్యి ఎత్తి కూతురి ముందు పెట్టాడు. ఆ చేతికి చిటికెన వేలు లేదు. రంపం మిషనులో పడి తెగిపోయి పద్నాలుగేళ్ళయింది.

"ఇది చూస్తూ పెరిగావు నువ్వు. ఇనప రజను నా ఒంట్లోంచి పోదు. ఆదివారం చర్చిలో పూజకి తెల్లచొక్కా వేసుకుంటే సాయంత్రానికి కాలరు నల్లబడుద్ది. మీ అమ్మ ఉతికి ఉతికి అలిసిపోయింది. నా కూతురు తెల్లబట్టలు వేసుకోవాలి. అంతే నేను కోరుకుంది. శౌరమ్మని చూడు. తెల్లచీర కట్టుకుని, తలమీద టోపీ పెట్టుకుని వస్తుంటే కలెక్టరైనా లేచి దారిస్తాడు. ఈ షెడ్డులోంచి బయట పడెయ్యడానికి చదివించాను నిన్ను. మళ్ళీ ఇందులోకే రావడానికి కాదు. ఈ పని నాతోనే ఆఖరు."

ఇంత పొడుగు మాట బాలశౌరి నోట రావడం అరుదు. అమలకి తండ్రి మీద జాలి కలిగింది, జాలితో పాటు ఒళ్ళు మండింది కూడా. తనకి ఇష్టమైనదాన్ని ఆయన మురికి అంటున్నాడు. ఆ మురికితోనే తనని పెంచి.

"నర్సింగు చెడ్డదని నేననలేదు నాన్నా. శౌరమ్మ పిన్ని లేకపోతే టైఫాయిడ్‌కి నేను దక్కేదాన్ని కాదు. కానీ నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. నీ వేలు తెగిన రోజు నీకంటే ముందు నేను పడిపోయాను, గుర్తుందా? గ్రీజు చూస్తే నాకేమీ కాదు."

"అలవాటవుద్ది."

"నాకు అలవాటు చేసుకోవాలని లేదు. రోగి మంచం పక్కన నిలబడి నేను చక్రం గురించి ఆలోచిస్తూ ఉంటాను. అది ఆ రోగికి మంచిదా?"

అంతోని మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. "అందుకే బి.కాం. అంటున్నా. అటూ కాదు, ఇటూ కాదు."

"అటూ ఇటూ కానిది నాకెందుకు మావయ్యా?"

బాలశౌరి కంచం పక్కకి జరిపాడు. అన్నం సగం కూడా తినలేదు. "సరే. అంత లెక్క తెలిసినదానివి గదా, ఒకటి అడుగుతా చెప్పు. తొమ్మిదంగుళాలు కొయ్యాలి. ఎక్కడ కోస్తావ్?"

"చివరి నుంచి తొమ్మిదంగుళాలు కొలిచి గీత గీసి కోస్తాను."

"కోస్తే రంపం సరిగ్గా అడ్డదూలం మీద పడుద్ది. ఆ దూలం తెగిందంటే వెనక తలుపు నిలవదు. ముందు దూలాన్ని జరపాలి, బోల్టులు మార్చాలి, ఆ తరవాత కొయ్యాలి. ఇది ఏ పుస్తకంలో రాసుంది?"

నిజమే. బండి కింద దూరి అన్నీ కొలిచింది, ఆ దూలం ఎక్కడుందో చూడలేదు. అమలకి చెవుల దాకా వేడెక్కింది. అంతోని తల ఊపుతున్నాడు, చూశావా అన్నట్టు. బాలశౌరి మొహంలో పొద్దున్నుంచీ పోయిన కళ కాస్త తిరిగొచ్చింది.

"నాకు తెలియదు," అంది అమల చివరికి. "ఒప్పుకుంటున్నాను. కొత్త మోడలుకి చక్రం జరిగిందన్నది నీకు తెలియదు, అది నువ్వు ఒప్పుకో. నీకు సగం తెలుసు, నాకు సగం తెలుసు. రెండు సగాలూ తెలిసిన మనిషి ఒకళ్ళు షెడ్డులో ఉండుంటే పొద్దున ఆ లారీ తిరిగొచ్చేది కాదు. ఆ ఒక్కళ్ళు నేనవుతానంటుంటే నీకేంటి నాన్నా కష్టం?"

జవాబు లేకపోతే పెద్దవాళ్ళు చేసే పనే బాలశౌరి కూడా చేశాడు. గొంతు పెంచాడు.

"సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను. నువ్వు మైనరు పిల్లవి. నా సంతకం లేకుండా ఆ కాగితం చిత్తుకాగితం. పో, కాకినాడ పోయి నీ లెక్కలు వాళ్ళకి చెప్పుకో."

"అయితే నేనూ తోడు రాలేను అమలా," అన్నాడు అంతోని, కంచంలో పప్పు వేలితో కెలుకుతూ. "బావ మాట కాదని ఎలా వస్తాను? రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అసలు తోడొస్తానని ముందు మాటిచ్చిందే ఆయన. అమల ఆయన వైపు చూడటం కూడా మానేసింది.

అప్పుడు మాట్లాడింది తెరేసమ్మ. పొద్దున్నుంచీ ఆవిడ నోట అన్నం పెట్టనా అన్న మాట తప్ప ఇంకో మాట రాలేదు. పప్పు గిన్నె కింద పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"అది మైనరు కాదు."

బాలశౌరి తలెత్తాడు. "ఏంటీ?"

"మైనరు కాదంటున్నా. అమలోద్భవి మాత పండగ నాడు పుట్టిందని ఆ పేరు పెట్టుకున్నాం. పోయిన డిసెంబరు ఎనిమిదికి పద్ధెనిమిది నిండాయి. టైఫాయిడ్ వల్ల ఒక ఏడు వెనకబడింది గానీ, లేకపోతే కిందటేడే కాలేజీలో ఉండాలి. నొప్పులు పడినదాన్ని, నాకు తెలియదా?"

"నువ్వు దాని పక్షమా? నర్సింగు అని ఫాదరుగారికి మాటిచ్చింది నువ్వు కాదూ?"

"నేనే. నిన్నటిదాకా నేనూ నర్సింగే అన్నాను. నాకూ ఆ తెల్లచీర మీద ఆశే." తెరేసమ్మ భర్త వైపు తిరిగింది. "పొద్దున మీరు దాన్ని తిట్టారు చూడండి, అబద్ధం చెప్పలేదని. పద్ధెనిమిదేళ్ళు అబద్ధం ఆడొద్దని మనం పెంచి, ఆడలేదని తిట్టారు. అప్పుడు మారింది నా మనసు. ఫాదరుగారికి నేను చెప్పుకుంటాను."

అంతోని గబగబా మజ్జిగ పోసుకున్నాడు. అక్కగారు ఇలా మాట్లాడటం ఆయన చిన్నప్పటి నుంచీ ఎరగడు.

అమల బల్ల మీది ఫారం తన వైపుకి లాక్కుంది. కిటికీ గట్టు మీది పెన్ను తీసింది. తండ్రి లేక సంరక్షకుని సంతకం అన్న గడి ముందు ఒక్క నిమిషం ఆగి, తండ్రి వైపు చూసింది. ఇప్పటికైనా చెయ్యి చాపుతాడేమోనని నిజంగానే ఆశపడింది. బాలశౌరి చేతులు కట్టుకున్నాడు.

అమల ఆ గడిలో తన పేరే రాసింది. పూర్తి పేరు. కింద విద్యార్థికి ఏమవుతారు అని అడిగిన చోట, తానే అని రాసింది.

"ఇది చెల్లదు," అన్నాడు అంతోని. "ఎవరికి వాళ్ళు సంరక్షకులవడం ఎక్కడైనా ఉందా? ఆ గుమాస్తా నవ్వుతాడు."

"నవ్వనీ. నవ్వి తీసుకుంటాడో, నవ్వి తిప్పికొడతాడో రేపు తేలుద్ది. ఇంట్లో కూర్చుంటే అదీ తేలదు."

సిరా ఆరేదాకా ఆగి, ఫారం మడిచి సంచీలో పెట్టుకుంది. ఒక జత బట్టలు, మార్కుల కాగితాలు, బాప్తిస్మం సర్టిఫికెట్టు పొద్దున్నే సర్దుకుని ఉంది. చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బాలశౌరి అక్కడ ఉన్నాడు. ద్వారబంధానికి ఈ పక్కన ఒక చెయ్యి, ఆ పక్కన ఒక చెయ్యి. వెనక షెడ్డులో లాజరు మేస్త్రి, పనివాళ్ళూ పని ఆపేసి నిలబడ్డారు.

"ఒంటరిగా పంపుతావంటే ఆడపిల్లని?" అన్నాడు, కూతురి తల మీదుగా భార్యని చూస్తూ.

"ఒంటరిగా ఎందుకు? నేను వెళ్తున్నా." తెరేసమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టింది. మేకుకి తగిలించిన గొడుగు తీసుకుంది. "శౌరమ్మని చూసి కూడా ఏడాదయింది. జరగండి."

మొగుడితో జరగండి అనడం పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడకి అదే మొదలు. అన్నాక గొడుగు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

బాలశౌరి జరగలేదు. కోపం దిగిపోయినట్టుంది. దాని చోట ఇంకేదో వచ్చింది, అమల ఆ మొహంలో అదివరకెప్పుడూ చూడనిది.

"నేను బతికుండగానే," అన్నాడు మెల్లగా, పనివాళ్ళకి వినపడకుండా. "నేను బతికుండగానే నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకున్నావు గదే."

అమలకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, తల దించలేదు.

"కొట్టెయ్యలేదు నాన్నా. పన్నెండు రోజులు ఆ గడి నీ కోసం ఖాళీగా ఉంచాను. నువ్వు రాయలేదు, నేను రాశాను. జరుగు, రైలు వెళ్ళిపోద్ది."

లోపల గోడ గడియారం రెండు కొట్టింది. స్టేషనుకి ముప్పావుగంట దారి. బాలశౌరి చేతులు ఇంకా ద్వారబంధం మీదే ఉన్నాయి.